ప్రజ్ఞాచక్షువు ఆయిలర్

214 కోట్ల 74 లక్షల 83 వేల 647. చదువరులారా, ఈ సంఖ్యను కాసేపు మనసులో నిలుపుకోండి. ఒకటితోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతో భాగించినా దీనికి శేషం మిగిలి తీరుతుంది. ఇటువంటి వాటిని గణితశాస్త్రంలో ప్రధాన సంఖ్యలంటారు. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు... ఇలా చిన్నవాటిని బడిపిల్లలు సైతం గడగడా చెప్పగలరు. పది అంకెలున్న ఇంతటి సంఖ్య ప్రధానమని తేల్చి చెప్పడం ఎవరి తరం? గణన యంత్రాలు లేని 1772వ సంవత్సరంలో, రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరం నుంచి ఒక వృద్ధుడు ఆ మాట చెప్పాడు. అంతవరకు మానవజాతి ఎరిగిన ప్రధాన సంఖ్యలన్నిటిలోనూ అదే పెద్దది. ఆ మాట చెప్పేనాటికి ఆయన కళ్లు రెండూ దాదాపు పూర్తిగా చూపు కోల్పోయి ఉన్నాయి.

వ్యాసభారతం ధృతరాష్ట్రుణ్ణి ప్రజ్ఞాచక్షువు అని పేర్కొంటుంది. ఆ రాజు విషయంలో ఆ బిరుదు ఎంతవరకు సార్థకమయిందో మీకు నేను చెప్పనక్కరలేదు. లియొనార్డ్ ఆయిలర్ విషయంలో మాత్రం అది అక్షరాలా నిజమయింది. ఆయన క్రైస్తవుడు, మతబోధకుని కుమారుడు, కడవరకు నిత్యప్రార్థన విడువని గృహస్థు. పరదేశపు భక్తుని కథ మనకెందుకని మీలో కొందరికి తోచవచ్చు. దైవాన్ని నమ్మినవాడు పెద్దల మాటను పరీక్షించవచ్చునా అనే సందేహం, చదువుకొనే పిల్లలున్న ప్రతి ఇంటా ఏదో ఒకనాడు తలయెత్తేదే. ఆయిలర్‌కు ఆ సందేహం రెండుమార్లు, రెండుసార్లూ సంఖ్యల రూపంలోనే ఎదురయింది. ఒకసారి పెద్దల మాట కూలిపోయింది. మరొకసారి నిలబడింది.

స్విట్జర్లాండ్ దేశంలోని బాసెల్ నగరంలో 1707 ఏప్రిల్ 15న ఆయన జన్మించాడు. తండ్రి పాల్ ఆయిలర్ ప్రొటెస్టెంట్ చర్చిలో బోధకుడు. తల్లి మార్గరెట్ కూడా బోధకుల ఇంటి ఆడపడుచే. బిడ్డ పుట్టిన కొద్దికాలానికే ఆ కుటుంబం పక్కనే ఉన్న రీహెన్ గ్రామానికి తరలింది. తండ్రి తన విద్యార్థి దశలో యాకోబ్ బెర్నూలీ అనే మహాగణితజ్ఞుని వద్ద పాఠం విన్నవాడు. అందువల్ల కుమారునికి తొలి లెక్కలు ఇంట్లోనే అబ్బాయి. అయినా ఆ తండ్రి కోరిక వేరు. కొడుకు తన తరువాత అదే వృత్తిలో నిలిచి, ఆ వేదికనెక్కి దైవవాక్యం బోధించాలి. వంశపారంపర్యంగా అర్చకత్వం చేసే ఇళ్లలో ఈ ఆశ ఎంత బలమైనదో చెప్పుకోవలసిన పని లేదు.

పదమూడవ ఏట బాలుడు బాసెల్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించాడు. అక్కడ యాకోబ్ సోదరుడు యోహాన్ బెర్నూలీ ఆచార్యుడు. కుర్రవానికి విడిగా పాఠం చెప్పడానికి ఆయనకు తీరిక లేదు. కఠినమైన గ్రంథాలు పేర్కొని, స్వయంగా చదువుకొని, బోధపడనివి మాత్రం శనివారం మధ్యాహ్నం వచ్చి అడుగుమని అనుమతించాడు. శిష్యుడు వారమంతా ఆ గ్రంథాలతో కుస్తీ పట్టి, గురువు ఎదుట వీలయినంత తక్కువ సందేహాలు పెట్టాలని పట్టుదలతో శ్రమించేవాడు. గురువు చెప్పింది వల్లె వేయడం ఒక పద్ధతి, గురువు చూపిన దారిలో తానే నడిచి చూడడం మరొక పద్ధతి. ఆయిలర్‌కు మొదటినుంచీ రెండవదే అలవడింది. 1723లో పట్టం పుచ్చుకొని, తండ్రి మాట మన్నించి మతశాస్త్రం చదవనారంభించాడు గాని, మనసు అందులో నిలవలేదు. చివరకు బెర్నూలీయే తండ్రిని ఒప్పించాడు. తండ్రి తన ఆశను వదులుకున్నాడు. వదులుకున్నది వృత్తినే. భక్తి మాత్రం కొడుకుతోనే వెళ్లింది.

1727లో, ఇరవయ్యవ ఏట, ఆయన బాసెల్ విడిచి సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరుకున్నాడు. అక్కడ కొత్తగా నెలకొల్పిన శాస్త్ర అకాడమీలో కొలువు. నగరంలో అడుగుపెట్టిన నాడే, ఆ అకాడమీకి అండగా ఉన్న మహారాణి మొదటి కేథరిన్ కన్నుమూసింది. తరువాతి పాలకులకు విద్యల మీద ఆసక్తి తక్కువ. ఆ అనిశ్చితిలోనే క్రిస్టియన్ గోల్డ్‌బాక్ అనే పండితునితో స్నేహం కుదిరింది. ఆ స్నేహితుడు 1729 డిసెంబరులో రాసిన ఒక లేఖలో అడిగిన చిన్న ప్రశ్న, ఆయిలర్‌ను సంఖ్యల అడవిలోకి తీసుకుపోయింది. మళ్లీ ఆయన బయటకు రాలేదు.

ఆ ప్రశ్న ఫెర్మాను గురించినది. 1665లో మరణించిన ఫ్రాన్స్ దేశపు న్యాయాధికారి ఫెర్మా సంఖ్యాశాస్త్రానికి పితామహుని వంటివాడు. 3, 5, 17, 257, 65537 అనే వరుసను ఆయన గమనించాడు. ప్రతిదానిలో ఒకటి తీసివేసి, మిగిలినదానిని వర్గం చేసి, మళ్లీ ఒకటి కలిపితే తరువాతిది వస్తుంది. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. కనుక ఈ వరుస ఎంతదూరం పోయినా అన్నీ ప్రధాన సంఖ్యలే అవుతాయని ఫెర్మా విశ్వసించాడు. అంతటివాడు నమ్మిన విషయం. అరవై ఏళ్లకు పైగా ఎవరూ దానిని కదిలించలేదు. వరుసలో ఆరవది 4294967297. దీనిని 641తో భాగిస్తే శేషం లేకుండా 6700417 వస్తుందని ఆయిలర్ 1732లో చూపించాడు. ఈ పాటి భాగహారం నాలుగో తరగతి పిల్లవాడు కూడా చేయగలడు. మరి అందరూ ఎందుకు చేయలేదు? 641 దగ్గరకు చేరేలోపు వందకు పైగా ప్రధాన సంఖ్యలతో ప్రయత్నించి విఫలం కావాలి. ఆ సంఖ్యకు భాజకమంటూ ఉంటే అది 64 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండి తీరుతుంది. కారణాన్ని కూడా ఆయిలరే తరువాత నిరూపించి ప్రచురించాడు. అలా ఏరితే పరీక్షించవలసిన ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, ఆపైన 641. ఐదో ప్రయత్నంలోనే దొరుకుతుంది.

ఇక్కడ మీరు గమనించవలసింది ఒకటున్నది. ఫెర్మా పొరబడ్డాడని తేల్చిన ఆయిలర్, ఆయనను ఎన్నడూ తేలికచేయలేదు. ఫెర్మా రుజువు రాయకుండా విడిచిపోయిన ఎన్నో సూత్రాలను తీసుకొని, ఒక్కొక్కదానికి నిరూపణ సమకూర్చడానికే దశాబ్దాలు వెచ్చించాడు. నేడు ఫెర్మా చిన్న సిద్ధాంతమని పిలిచే సూత్రానికి మొదట నిరూపణ ప్రచురించినవాడు ఆయిలరే. ఆ సూత్రమే నలభై ఏళ్ల తరువాత మన పెద్ద సంఖ్య విషయంలో ఆయన చేతికి ఆయుధమయింది.

1734లో కాథరీనా గ్సెల్ అనే చిత్రకారుని కుమార్తెతో వివాహం జరిగింది. వారికి పదముగ్గురు సంతానం. ఎనమండుగురు పసితనంలోనే పోయారు. ఒళ్లో బిడ్డను పెట్టుకొని, చుట్టూ పిల్లలు ఆడుకుంటుండగా కూడా ఆయన గ్రంథరచన సాగేదని సమకాలికులు చెప్పుకునేవారు. 1735లో ప్రాణాంతకమైన జ్వరం వచ్చి తగ్గింది. 1738 నాటికి కుడికంటి చూపు పోయింది.

పంచాంగం చూసుకొనే ఇళ్లవారికి నచ్చే ముచ్చట ఒకటి ఆ 1738లోనే ఉన్నది. తమిళ తీరాన తరంగంబాడిలో డేనిష్ మిషనరీలు ఉండేవారు. హిందువుల కాలగణన గురించి వారు సేకరించిన విషయాలు సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీకి చేరాయి. బాయర్ అనే పండితుడు ఆ ఏడు ప్రచురించిన చరిత్ర గ్రంథానికి అనుబంధంగా, భారతీయుల సౌర సంవత్సరాన్ని గురించి ఆయిలర్ ఒక చిన్న వ్యాసం రాశాడు. మన సంవత్సరం యూరప్ వారి సంవత్సరం కంటే కొన్ని నిమిషాలు దీర్ఘమైనదిగా కనబడడం పొరపాటు కాదనీ, సూర్యుడు తిరిగి అదే నక్షత్రం వద్దకు చేరే కాలాన్ని భారతీయులు లెక్కిస్తున్నారనీ ఆయన గ్రహించాడు. మనం నిరయనమని వ్యవహరించేది అదే. దూరదేశపు లెక్క తన లెక్కతో సరిపోనప్పుడు, దానిని తప్పని తోసివేయకుండా, ఆ లెక్క దేనిని కొలుస్తున్నదో విచారించాడు. అంతటి నిదానం మన పంచాంగకర్తల వివాదాలలో కూడా అరుదుగానే కనబడుతుంది.

1741లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఆహ్వానం మీద బెర్లిన్ చేరి, అక్కడ ఇరవై ఐదేళ్లు గడిపాడు. పుట్టలు పుట్టలుగా గ్రంథాలు వచ్చాయి. ఆ వివరమంతా రాస్తే ఈ పుట చాలదు. ఆ రాజసభ వాతావరణం మాత్రం ఆయనకు పడలేదు. దైవాన్ని ఎగతాళి చేయడం అక్కడ నాగరికత. చమత్కారంగా మాట్లాడలేనివాడు అక్కడ పామరుడు. ఆయిలర్ నెమ్మదస్తుడు, అలంకారం లేని మాట, పైగా ఒంటికన్ను. రాజు తన లేఖలలో ఆ కంటిని హాస్యం చేసేవాడు. అటువంటి చోట ఉండి కూడా, 1747లో దైవావిష్కరణను సమర్థిస్తూ, నాస్తికవాదులను ఖండిస్తూ ఆయన ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. ప్రతి సాయంత్రం ఇంటివారందరినీ, పనివారితో సహా, చేర్చి బైబిలులో ఒక అధ్యాయం చదివి వినిపించేవాడు. రాజు మెప్పు కోసం ఆ అలవాటు మానలేదు. రాజుపై కోపంతో లెక్కలూ మానలేదు.

1766లో రెండవ కేథరిన్ మహారాణి పిలుపుపై తిరిగి సెయింట్ పీటర్స్‌బర్గ్ వచ్చాడు. వచ్చీ రాగానే మిగిలిన ఎడమకంటికి శుక్లం కమ్మింది. 1771లో నగరంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఆయన ఇల్లు కాలిపోయింది. పీటర్ గ్రిమ్ అనే బాసెల్ వాడు మంటల్లోకి చొరబడి, ఆ అంధవృద్ధుని భుజాన వేసుకొని బయటకు తెచ్చాడు. రాతప్రతులు చాలావరకు దక్కాయి. ఆ ఏడే శుక్లానికి శస్త్రచికిత్స జరిగింది. చూపు వచ్చింది. లోకం మళ్లీ కనిపించింది. కొద్ది దినాలలోనే ఆ కంటికి చీము పట్టి, భరించరాని బాధ పెట్టి, వచ్చిన చూపు శాశ్వతంగా పోయింది. పెద్ద బల్ల మీద సుద్దతో పెద్ద పెద్ద అక్షరాలు రాస్తే మసకగా ఆనేవి, అంతే. దీనికంటే ఘోరమైన పరీక్ష ఏముంటుంది? చూపు లేకపోవడం వేరు, ఇచ్చి తీసుకోవడం వేరు.

అయినా ఆయన మొత్తం రచనలలో సుమారు సగం ఈ చీకటి సంవత్సరాలలో వచ్చినదే. పెద్ద కుమారుడు యోహాన్ ఆల్బ్రెక్ట్, శిష్యులు ఆయన చెబుతుంటే రాసేవారు. బీజగణితం మీద 1770లో వచ్చిన ప్రసిద్ధ గ్రంథాన్ని, కుట్టుపని నేర్చుకుంటున్న ఒక కుర్రవాని చేత రాయించాడనీ, రాస్తూ రాస్తూ ఆ కుర్రవాడు బీజగణితం నేర్చేసుకున్నాడనీ ప్రతీతి. వర్జిల్ మహాకవి లాటిన్ కావ్యం ఈనీడ్ ఆయనకు మొదటినుంచి చివరివరకు కంఠస్థం. తన ప్రతిలో ఏ పుట ఏ పంక్తితో మొదలై ఏ పంక్తితో ముగుస్తుందో కూడా చెప్పేవాడట. ఇద్దరు శిష్యులు ఒక శ్రేఢిలో పదిహేడు పదాలు కూడగా, యాభయ్యవ అంకె దగ్గర వారి లెక్కలు వేరుపడితే, ఆయన లెక్కనంతటినీ మనసులోనే చేసి ఎవరిది ఒప్పో తేల్చాడని చరిత్రకారులు రాశారు. ఘనపాఠులను ఎరిగిన మీకు ఈ ధారణ అతిశయోక్తిగా తోచదు.

ఇక ఆ సంఖ్య దగ్గరకు వద్దాం. దానిని మన ఛందశ్శాస్త్రం తెలిసినవారికి చెప్పడం తేలిక. ప్రతి అక్షరమూ గురువో లఘువో అవుతుంది. కనుక ఒక అక్షరానికి రెండు రూపాలు, రెండు అక్షరాలకు నాలుగు, మూడింటికి ఎనిమిది. ఆ ఎనిమిదే మన గణాలు. అక్షరం పెరిగినప్పుడల్లా రూపాలు రెట్టింపవుతాయి. ఉత్పలమాల పాదంలో అక్షరాలు ఇరవై కనుక ఆ ఛందంలో 10,48,576 వృత్తాలకు చోటుంది. ఇరవై ఆరు అక్షరాల ఉత్కృతి ఛందంలో 6,71,08,864. ఇంకా ఐదు అక్షరాలు పెంచి, ముప్పై ఒక్క అక్షరాల పాదాన్ని ఊహించండి. రూపాలు 214,74,83,648 అవుతాయి. అందులోంచి ఒకటి తీసివేస్తే మిగిలేదే ఆయిలర్ సంఖ్య.

ఇలా రెండును రెట్టింపు చేసుకుంటూ పోయి ఒకటి తీసివేయగా వచ్చే సంఖ్యలను మెర్సెన్ సంఖ్యలంటారు. మెర్సెన్ పారిస్‌లో నివసించిన క్రైస్తవ సన్న్యాసి. యూరప్ పండితులందరికీ ఆయన గది ఒక కూడలి. ఎన్నిసార్లు రెట్టింపు చేశామన్నది సంయుక్త సంఖ్య అయితే ఫలితం తప్పక విడిపోతుంది. నాలుగుసార్లకు 15, ఆరుసార్లకు 63, చూడండి. ప్రధాన సంఖ్య అయినా భరోసా లేదు. పదకొండుసార్లకు వచ్చే 2047 అనేది 23, 89 ల లబ్ధం. మరి ఏవి నిలుస్తాయి? 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అని 1644లో మెర్సెన్ ఒక జాబితా ప్రకటించాడు. పంతొమ్మిది వరకు ఇటలీ పండితుడు కటాల్డీ అంతకుముందే చేతిలెక్కతో సరిచూశాడు. ఆ కటాల్డీయే 23, 29, 37 కూడా నిలుస్తాయని చెప్పి పొరబడ్డాడు. అందులో రెండింటిని ఫెర్మా, ఒకదానిని ఆయిలర్ ఖండించారు. 31 మాత్రం నూట పాతికేళ్లకు పైగా ఒక సన్న్యాసి మాటగా అలాగే ఉండిపోయింది. నిజమో కాదో ఎవరికీ తెలియదు.

ఒక సంఖ్యకు కారణాంకాలుంటే వాటిలో చిన్నది ఆ సంఖ్య వర్గమూలాన్ని మించదు. మన సంఖ్య వర్గమూలం 46340కి కొంచెం పైన. అంతలోపు ప్రధాన సంఖ్యలు సుమారు 4800 ఉంటాయి. అన్నిటితోనూ భాగించి చూడడం మామూలు పద్ధతి. ఆయిలర్ రెండు జల్లెడలు పట్టాడు. మొదటిది ఫెర్మా సూత్రం ఇచ్చిన జల్లెడ: ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 62 గుణిజానికి ఒకటి కలిపినదే కావాలి. రెండవది: దానిని ఎనిమిదితో భాగిస్తే ఒకటి గాని ఏడు గాని మిగలాలి. ఈ రెండూ కలిపితే, 248 గుణిజానికి ఒకటి కలిపినవీ, 63 కలిపినవీ తప్ప మిగిలినవన్నీ జల్లెడలోంచి రాలిపోతాయి. 46340 లోపు అలాంటి స్థానాలు 372 మాత్రమే. వాటిలోనూ నిజంగా ప్రధాన సంఖ్యలైనవి నూరుకు లోపే. మొదటిది 311. దానితో భాగిస్తే భాగఫలం 69,05,092, శేషం 35. తరువాతిది 1303. శేషం 226. కాగితం తీసుకొని మీరే చేసి చూడండి, ఈ ఒక్క ఆదివారం. ఇలా ఒక్కొక్కటీ పోయి పోయి 46339 వరకు ఏదీ భాగించలేదు. సన్న్యాసి మాట నిలిచింది. ఆ సంగతిని ఆయిలర్ తన గురువు యోహాన్ బెర్నూలీ మనుమడికి, బెర్లిన్‌లో ఖగోళజ్ఞుడుగా ఉన్న చిన్న యోహాన్‌కు లేఖగా తెలియజేశాడు. అది అక్కడి అకాడమీ సంపుటంలో అచ్చయింది. శనివారాలు సందేహాలు తీర్చిన గురువు ఇంటికే ఆ ఫలం చేరిందన్నమాట.

మెర్సెన్ జాబితాలో 67, 257 తప్పులని తరువాతివారు తేల్చారు. కాబట్టి 31 నిలిచిందంటే, అది చెప్పినవాని గొప్పతనం వల్ల కాదు, ఆ సంఖ్య స్వభావం వల్ల. నా ఉద్దేశంలో శ్రద్ధ అనే మాటకు ఇదే సరైన ప్రయోగం. నమ్మిన మాటను పరీక్షకు పెట్టడానికి వెనుదీయకపోవడం.

ఈ సంఖ్యకు మరికొన్ని విశేషాలున్నాయి. ఐదుసార్లు రెట్టించి ఒకటి తీస్తే 31, 31సార్లు రెట్టించి ఒకటి తీస్తే మన సంఖ్య. అంటే ఒక మెర్సెన్ ప్రధాన సంఖ్య మీద మరొకటి మేడ కట్టింది. దీని వెంటే ఒక పరిపూర్ణ సంఖ్య కూడా లభించింది. ఆరుకు భాజకాలు ఒకటి, రెండు, మూడు. వాటి మొత్తం మళ్లీ ఆరే. 28, 496, 8128 కూడా అటువంటివే. ఆరు దినాలలో సృష్టి జరగడానికి ఆరు పరిపూర్ణం కావడమే కారణమని అగస్టీన్ వంటి క్రైస్తవ ఆచార్యులు వ్యాఖ్యానించారు. మెర్సెన్ ప్రధాన సంఖ్య దొరికిన ప్రతిచోటా ఒక పరిపూర్ణ సంఖ్య పుడుతుందని ప్రాచీన గ్రీకు పండితుడు యూక్లిడ్ చూపగా, సరి సంఖ్యలలో అంతకుమించి వేరే పరిపూర్ణ సంఖ్యలు లేవని ఆయిలర్ నిరూపించాడు. రెండు వేల ఏళ్ల ఎడంతో ఇద్దరు కలిసి పూర్తిచేసిన సిద్ధాంతమిది. మన సంఖ్య ద్వారా వచ్చినది ఎనిమిదవ పరిపూర్ణ సంఖ్య, 2305843008139952128.

అది మీ ఇంట్లోనూ ఉన్నదని చెబితే ఆశ్చర్యపడతారు. ముప్పై రెండు స్థానాలతో లెక్కించే కంప్యూటర్లు ఒక స్థానాన్ని ధన రుణ చిహ్నానికి విడిచిపెట్టగా, మిగిలిన ముప్పై ఒకటితో లెక్కించగల అతి పెద్ద సంఖ్య ఇదే. 1970 జనవరి 1 మొదలు సెకన్లు లెక్కిస్తూ వస్తున్న పాత పద్ధతి యంత్రాలలో, మన దేశకాలమానం ప్రకారం 2038 జనవరి 19 మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ లెక్క ఈ సంఖ్యను చేరుతుంది. ఆ తరువాత చోటు లేదు. ఈలోగా వాటిని మార్చుకోవలసిందే.

ఆయిలర్ భక్తిని గురించి లోకంలో ఒక కథ ప్రచారంలో ఉంది. ఫ్రాన్స్ నుంచి దిదెరో అనే నాస్తిక పండితుడు మహారాణి సభకు వచ్చాడట. ఆయిలర్ నిండు సభలో ఏదో ఒక బీజగణిత సమీకరణం వినిపించి, కనుక దేవుడున్నాడని తేల్చేశాడట. లెక్కలు రాని దిదెరో తలవంచుకొని వెళ్లిపోయాడట. భక్తులు దీనిని ఉత్సాహంగా చెప్పుకుంటారు. దయచేసి మీ పిల్లలకు చెప్పకండి. దిదెరో గణితం తెలిసినవాడు, 1748లోనే గణిత వ్యాసాలు ప్రచురించినవాడు. ఈ కథ వారిద్దరూ పోయిన చాలా ఏళ్లకు పుస్తకాలకెక్కింది. ఒక్క సంఖ్య ప్రధానమని చెప్పడానికి అన్ని భాగహారాలు పట్టిచూసిన మనిషి, పరమాత్ముని విషయంలో అర్థంలేని సమీకరణంతో మోసం చేస్తాడా? దైవం పేరిట చెప్పినంత మాత్రాన అబద్ధం స్తోత్రం కాదు.

1773లో నలభై ఏళ్లు తోడుగా ఉన్న భార్య మరణించింది. మూడేళ్లకు ఆమె సవతి చెల్లెలిని వివాహమాడాడు. 1783 సెప్టెంబరు 18న కూడా దినచర్య మారలేదు. మనుమనికి పాఠం చెప్పాడు. ఫ్రాన్స్‌లో ఆ వేసవిలోనే గాలిలోకి లేచిన బెలూన్ల గమనాన్ని లెక్కించాడు. రెండేళ్ల కిందట కనుగొన్న యురేనస్ గ్రహం కక్ష్యను గురించి శిష్యుడు లెక్సెల్‌తో ముచ్చటించాడు. సాయంకాలం మెదడులో రక్తనాళం చిట్లి కుప్పకూలాడు. డెబ్భై ఆరేళ్లు. ఆయన విడిచిపోయిన రచనలను అచ్చువేయడానికి అకాడమీకి దశాబ్దాలు పట్టింది. మొత్తం రచనలు 866గా లెక్కతేలాయి.

ఆయన సంఖ్య ఎనభై ఏళ్లకు పైగా తెలిసిన ప్రధాన సంఖ్యలలో పెద్దదిగా నిలిచింది. దాని వలన పుట్టిన పరిపూర్ణ సంఖ్యకంటే పెద్దది ఇక ఎవరికీ దొరకదని 1811లో ఇంగ్లండ్ గణితజ్ఞుడు పీటర్ బార్లో రాశాడు. మళ్లీ ఒక పెద్దమనిషి మాట. 1876లో ఫ్రాన్స్‌కు చెందిన లూకా, 127సార్లు రెట్టించగా వచ్చేది ప్రధాన సంఖ్య అని చూపడంతో అది వీగిపోయింది. తరువాత 1883లో, రష్యాలోని ఉరల్ ప్రాంతంలో ఒక గ్రామ చర్చి పూజారి, ఇవాన్ పెర్వుషిన్, 61సార్లు రెట్టించి ఒకటి తీసినది కూడా ప్రధాన సంఖ్యేనని గుణించి తేల్చాడు. అది మెర్సెన్ జాబితాలో లేనే లేదు. అంతకుముందే ఫెర్మా వరుసలోని రెండు మహాసంఖ్యలకు భాజకాలు కనుగొన్నవాడాయన. గుడి పనులు చూసుకొని, మిగిలిన వేళల్లో ఒంటరిగా లెక్కలు చేసుకొని, ఫలితాన్ని ఆయిలర్ కొలువు చేసిన ఆ సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీకే పంపాడు. ఆ పూజారి సంఖ్య 2305843009213693951. బార్లో ఇక మించేది లేదన్న సంఖ్య కంటే అది 107 కోట్ల 37 లక్షల 41 వేల 823 ఎక్కువ.